సైడ్ ఇమేజింగ్ సోనార్ బిగించాం, ఎడమ వైపు అంతా చీకటిగా ఉంది

మానేరు_పడవ
మధ్య మానేరు జలాశయంలో వలలు వేసి బతికేవాళ్లం. నలుగురం తలా కొంత వేసుకుని పోయిన నెలలో 9 అంగుళాల తెర ఉన్న సోనార్ కొన్నాం, ధ్వనిని పంపి నీటి అడుగున ఏముందో తెర మీద చూపే పరికరం. కిందికి మాత్రమే చూసే పాత రకం కాదు, రెండు పక్కలకూ చూసే రకం. పడవ 16 అడుగుల ఫైబర్‌ది, వెనుక 9.9 హార్స్ పవర్ మోటారు ఉంది.

చేపల కోసం కొన్నదానికంటే వలల కోసం కొన్నాం అనడమే నిజం. మా నీళ్ల అడుగున ఊళ్లు ఉన్నాయి. గోడలు, బావులు, నరికిన చెట్ల మోడులు. వల వాటికి తట్టుకుంటే లాగే కొద్దీ చిరుగుతుంది, చివరికి కోసి వదిలేసి రావాలి. అలా వదిలిన వల ఊరుకోదు, నెలల తరబడి చేపల్ని పట్టి చంపుతూనే ఉంటుంది. ఎవరికీ అందని చేప అది. అడుగున ఏముందో ముందే తెలిస్తే అక్కడ వల వేయం కదా అని మా ఆశ.

బిగించి పదిహేను రోజులైంది. కుడి వైపు చిత్రం చక్కగా వస్తోంది. ఎడమ వైపు పడవ పక్కన కొంచెం దూరం కనిపించి, ఆ తరువాత చివరి దాకా నల్లగా ఉంటోంది. పైగా మోటారు వేగం పెంచితే తెర అంతా తెల్లటి గీతలు పడుతున్నాయి. కొన్న చోట అడిగితే నీళ్లలో ఉండి ధ్వనిని పంపి అందుకునే ట్రాన్స్‌డ్యూసర్ చెడిపోయింది, కొత్తది కొనాలని చెప్పారు. అంత డబ్బు మళ్లీ పెట్టే స్థితిలో మేం లేము. ఇది వాడిన అనుభవం ఉన్నవారు చెప్పండి.

రసమట్టం
కొత్తది కొనకండి. ముందు ఒక్క విషయం చెప్పండి. ట్రాన్స్‌డ్యూసర్‌ను పడవ వెనుక పలకకు ఆనించి బిగించారా, లేక దూరంగా పెట్టారా? మోటారుకు ఏ పక్కన ఉంది?

మానేరు_పడవ
పలక దగ్గర నురుగు ఉంటుందని వెల్డింగ్ చేసిన పెద్దమనిషి చెప్పాడు. అందుకే ఇనుప యాంగిల్ వేసి దాని చివర బిగించాం. పలక నుంచి జానెడున్నర వెనక్కి ఉంది. మోటారుకు కుడి వైపు, మూరెడు దూరంలో.

రసమట్టం
అక్కడే ఉంది తప్పు. నేను మంచిర్యాల దగ్గర ఫైబర్ పడవలకు మరమ్మతు చేస్తాను, ఇలాంటివి మూడు నాలుగు విప్పి మళ్లీ బిగించాను.

పక్కలకు వెళ్లే ధ్వని పుంజం గుండ్రటి టార్చి వెలుగులా ఉండదు. తలుపు సందులోంచి చీకటి గదిలోకి పడే ఎండ గీతను తలుచుకోండి. ముందుకూ వెనక్కూ చాలా సన్నగా, పైకీ కిందికీ మాత్రం వెడల్పుగా ఉంటుంది. పడవ కదిలే కొద్దీ ఆ గీత అడుగును వరసగా తడుముతూ పోతుంది, తెర ఒక్కో గీతను పక్కపక్కన పేర్చి చిత్రం చేస్తుంది. ఆ సందులో ఏది నిలబడినా దాని వెనుక ఉన్నదంతా కనిపించదు. మీరు యాంగిల్ వేసి ట్రాన్స్‌డ్యూసర్‌ను సరిగ్గా మోటారు కాలు, అంటే నీళ్లలోకి దిగే దాని కింది భాగం, ఉన్న వరుసలోకి తెచ్చి పెట్టారు. ఎడమకు చూడాలంటే అది మోటారు కాలిలోంచి చూడాలి.

పలకకు దగ్గరగా జరిపితే పుంజం మోటారు కాలికి ముందు నుంచి వెళ్లిపోతుంది.

లక్నవరం_గాలం
రసమట్టం గారు అంత తొందరగా తీర్పు చెప్పడం నాకు నచ్చలేదు. ఈ పరికరాల్లో ఎడమ, కుడి వైపులకు ధ్వనిని పుట్టించే వేర్వేరు స్ఫటికాలు ఉంటాయి. ఒకటి పోయి ఇంకొకటి పనిచేయవచ్చు. నా దానికి తీగ చివరి పిన్ను వంగి ఒక వైపు చిత్రం పోయింది. ముందు తీగ విప్పి పిన్నులు చూసుకోమనండి, ఆ తరువాత యాంగిల్ సంగతి.

లెక్కల_మాస్టారు
ఇద్దరి మాటనూ తేల్చే పరీక్ష ఉంది. మానేరు_పడవ గారు మొదటి పోస్టులోనే ఒక ఆధారం ఇచ్చారు: ఎడమ వైపు కొంచెం దూరం కనిపించి, ఆ తరువాత నల్లబడుతోందని. స్ఫటికం పోయినా, పిన్ను వంగినా మొదటి నుంచీ ఏమీ రాకూడదు. దగ్గరిది వచ్చి దూరానిది రావడం లేదంటే ధ్వని బయలుదేరుతోంది, మధ్యలో ఆగిపోతోంది.

మోటారు కాలు ట్రాన్స్‌డ్యూసర్ కంటే ఇంకా లోతుకు దిగి ఉంటుంది. నిటారుగా కిందికి పోయే కిరణాలు దాని పాదం కింది నుంచి తప్పించుకుంటాయి. ఏటవాలుగా దూరం పోవలసినవి దానికి తగిలి ఆగుతాయి. అలాగైతే లోతు మారినప్పుడు చీకటి మొదలయ్యే చోటు కూడా మారాలి. 5 మీటర్ల లోతులో చీకటి ఎక్కడ మొదలవుతోందో రాసుకోండి. 10 మీటర్ల లోతుకు వెళ్లి మళ్లీ చూడండి. దాదాపు రెట్టింపు దూరానికి జరిగితే అడ్డం ఉన్నట్టే.

రసమట్టం
మాస్టారూ, లెక్కతో కట్టిపడేశారు. ఇంకో సులువైన పరీక్ష కూడా చేయవచ్చు. మోటారు ఆపి, నీళ్లలోంచి పైకి లేపి, తెడ్డు వేస్తూ నిదానంగా పోండి. ఎడమ వైపు తెరుచుకుంటే సందేహమే అక్కర్లేదు.

లక్నవరం_గాలం
లోతు పరీక్ష నాకు తట్టలేదు. ఒప్పుకుంటాను. పిన్నులు చూడమన్న మాట మాత్రం ఉండనివ్వండి, రెండు నిమిషాల పని.

వైరింగ్_పని
గీతల సంగతి ఎవరూ ఎత్తలేదు. కరెంటు ఎక్కడి నుంచి తీసుకున్నారు?

మానేరు_పడవ
మోటారు స్టార్ట్ చేసే బ్యాటరీ నుంచే. దానికే లైటు, నీళ్లు తోడే చిన్న పంపు కూడా ఉన్నాయి. ట్రాన్స్‌డ్యూసర్ తీగ పొడవు ఎక్కువైతే మిగిలింది చుట్టగా చుట్టి మోటారు పక్కనే కట్టాం.

వైరింగ్_పని
గీతలకు రెండు కారణాలు ఉండవచ్చు: ఒకటి విద్యుత్ రొద, రెండోది గాలి బుడగలు. ఏదో తెలుసుకోవడానికి పడవను ఒడ్డుకు కట్టేసి, గేరు వేయకుండా మోటారు వేగం పెంచండి. కదలకుండా ఉన్నా గీతలు వస్తే అది తీగల్లోంచి వస్తున్న రొద. పడవ పరుగెత్తినప్పుడే వస్తే బుడగలు.

మీరు చెప్పినదాన్ని బట్టి మొదటిదే అనుకుంటున్నాను. సోనార్‌కు విడిగా 12 వోల్టుల బ్యాటరీ పెట్టండి, ధన తీగ మీద బ్యాటరీకి దగ్గరలో 3 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. ట్రాన్స్‌డ్యూసర్ తీగను మోటారు తీగలతో కలిపి కట్టవద్దు, పడవకు అవతలి అంచు వెంట తీసుకెళ్లండి. మిగిలిన తీగను బిగుతుగా చుట్టకుండా వదులుగా మడిచి పెట్టండి. పొడవు ఎక్కువైందని దాన్ని కోసి అతుకు వేశారో, అంతటితో అది పోయినట్టే. ఆ పని మాత్రం ఎవరూ చేయకండి, నేను చేసి నష్టపోయిన వాళ్లను చూశాను.

గోదారి_ఒడ్డు
విడి బ్యాటరీ అంటే ఎంతది? మాది ఎల్లంపల్లి వైపు, పడవ పొద్దున వెళ్తే సాయంత్రానికి గానీ రాదు.

వైరింగ్_పని
9 అంగుళాల తెర సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర ఆంపియర్ల కరెంటు తాగుతుంది. యూపీఎస్‌లో వాడే 7 ఆంపియర్ అవర్ సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది, కాబట్టి రెండు మూడు గంటలే లెక్క. రోజంతా కావాలంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం 18 లేదా 20 ఆంపియర్ అవర్‌ది తీసుకోండి. ధర ఎక్కువే, కానీ బరువు తక్కువ, ఏళ్లు నిలుస్తుంది. ఇంకో మాట, ఎండలో తెర వెలుగు నిండుగా పెడితే ఖర్చు పెరుగుతుంది. తెర మీదికి గొడుగు గుడ్డ కడితే వెలుగు తగ్గించుకోవచ్చు.

పాకాల_పుట్టి
నాది వేరే కష్టం. పాకాలలో పుట్టి మీద తిరుగుతాను. వెదురు బొంగుకు ట్రాన్స్‌డ్యూసర్ కట్టి పుట్టి అంచుకు బిగించాను. అప్పుగా తెచ్చుకున్న పరికరం, ఒక వారం వాడి చూద్దామని. తెర మీద ముగ్గు మీద నీళ్లు పోసినట్టు వస్తోంది చిత్రం. ఏ గీతా తిన్నగా లేదు.

లెక్కల_మాస్టారు
పుట్టి తిరుగుతుంది కదా, అదే కారణం. రసమట్టం గారు చెప్పిన సన్నటి గీత వరసగా ముందుకు జరుగుతుందని పరికరం నమ్ముతుంది. పుట్టి ఒక్క తెడ్డుకు ఒక వైపు, ఇంకో తెడ్డుకు ఇంకో వైపు తిరిగితే ఆ గీత ఒకే చోటును రెండుసార్లు తుడుస్తుంది, ఇంకో చోటును వదిలేస్తుంది. మోటారు పడవైనా మలుపు తిప్పేటప్పుడు వచ్చే చిత్రాన్ని నమ్మకూడదు. తిన్నగా, ఒకే వేగంతో, గంటకు 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య పోవాలి. మనిషి చురుగ్గా నడిచే వేగం అనుకోండి.

పుట్టికి పక్క చూపు సోనార్ కుదరదు. కిందికి చూసేది చాలు.

పాకాల_పుట్టి
కిందికి చూసేది ఉంటే చాలదా అసలు అందరికీ? ఇంత ఖర్చు ఎందుకు?

లెక్కల_మాస్టారు
మీకు చాలు. పెద్ద జలాశయంలో చాలదు. మామూలు 200 కిలోహెర్ట్జ్ సోనార్ పుంజం 20 డిగ్రీల శంఖువు. 3 మీటర్ల లోతులో అది చూసేది మీటరు వెడల్పు ముక్క. 10 మీటర్ల లోతులో మూడున్నర మీటర్లు. పక్కలకు చూసేది ఒక్కో వైపు 30 మీటర్లు పెట్టుకున్నా మొత్తం 60 మీటర్ల పట్టీని చూస్తుంది. గంటకు 6 కిలోమీటర్ల వేగంతో పోతే 36 హెక్టార్లు, అంటే దాదాపు 89 ఎకరాలు. రామప్ప చెరువులో ఆదివారాలు నేను చేసేది ఇదే.

పాకాల_పుట్టి
గంటకు 89 ఎకరాలా! మా ఊరి పొలాలన్నీ మధ్యాహ్నం భోజనం లోపే అయిపోతాయి. సరే, రెండు పుట్లు తాళ్లతో కలిపి కట్టి మోటారు పడవతో లాగిస్తే?

రసమట్టం
లాగే పడవ నురుగు మీ ట్రాన్స్‌డ్యూసర్ కిందికే వస్తుంది. వద్దు. మోటారు పడవ ఉన్నప్పుడు సోనార్‌ను దానికే కట్టుకోవచ్చు కదా.

మత్తడి
ఇంతసేపూ చదివాను. ఒక బాధ చెప్పుకుంటాను. చేప ఎక్కడ గుమిగూడిందో తెరలో చూసి వల వేస్తే, ఇక నీళ్లలో ఏం మిగులుతుంది? 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లల్ని వదులుతోంది. అవి పెరగక ముందే ఊడ్చేస్తే వచ్చే ఏడు మనం ఏం తింటాం? డబ్బున్న నలుగురి దగ్గర ఈ యంత్రం ఉంటే, తెప్ప మీద పోయే పేదవాడి వల ఖాళీగా వస్తుంది. సంఘాల్లో దీని గురించి మాట్లాడుకోవాలి.

మానేరు_పడవ
మత్తడి అన్నా, మీ భయం నాకూ ఉంది. మా సంఘంలో మాట్లాడే కొన్నాం. చిన్న కన్ను వలలు మా దగ్గర ఎవరూ వేయరు, వేస్తే సంఘం జప్తు చేస్తుంది. మేం తీసిన పటాలు అందరికీ చూపిస్తాం, తెప్ప వాళ్లకు కూడా. గోడ ఎక్కడుందో తెలిస్తే అందరి వలలూ మిగులుతాయి.

చేపల_చదువు
నేను మత్స్యశాస్త్రం చదువుతున్నాను. తెరలో చేప కనిపించినంత మాత్రాన అది బొచ్చెనో, రవ్వనో, బంగారు తీగనో చెప్పలేం. తెల్లటి చుక్క, దాని వెనుక నీడ, అంతే. ధ్వనిని ఎక్కువగా తిప్పికొట్టేది చేప కడుపులోని గాలి తిత్తి. ఇక మన రాష్ట్ర చేప కొర్రమీను ఒడ్డున నాచులో, తుంగలో తిరుగుతుంది. అక్కడ ధ్వని ఆకులకు తగిలి చెదిరిపోతుంది. దాన్ని ఈ యంత్రంతో వెతకడం వృథా.

మత్తడి
పటాలు తెప్ప వాళ్లకు కూడా చూపిస్తామన్న మాట బాగుంది. ఆ మాట మీద నిలబడండి. మిగతా సంఘాలు కూడా అలా చేస్తాయన్న నమ్మకం మాత్రం నాకు లేదు.

గోదారి_ఒడ్డు
బిగించే సంగతికి వస్తాను. పలకకు రంధ్రాలు చేయడం నాకు ఇష్టం లేదు. ఒకటిన్నర అంగుళాల జీఐ పైపు చివర ట్రాన్స్‌డ్యూసర్ బిగించి, పడవ పక్కన నడుము దగ్గర శికంజాతో (బిగించే క్లాంపుతో) పట్టించాను. మోటారు నుంచి దూరం, నురుగు లేదు, ఇంటికి వచ్చేటప్పుడు విప్పి భుజాన వేసుకుని వస్తాను. దొంగల భయం కూడా లేదు.

రసమట్టం
పైపు పద్ధతి తప్పు కాదు, అద్దె పడవకు అదే నయం. కానీ నీటి తోపుకు పైపు వణుకుతుంది, ఆ వణుకు చిత్రంలో అలల్లా కనిపిస్తుంది. పైపు అడుగు నుంచి పడవ ముక్కుకు ఒక తాడు బిగించి కట్టారా? పైగా పడవ నడుము దగ్గర పెట్టారు. ట్రాన్స్‌డ్యూసర్ పడవ అడుగు కంటే కిందికి దిగకపోతే అవతలి వైపు చూపును పడవ పొట్టే కమ్మేస్తుంది.

గోదారి_ఒడ్డు
తాడు కట్టలేదు. ఆ అలలు నీటివే అనుకున్నాను ఇన్నాళ్లూ. అవతలి వైపు కూడా మసకగానే వస్తుంది, నిజమే. రేపు జానెడు కిందికి దింపి చూస్తాను.

మానేరు_పడవ
రెండు పరీక్షలూ చేశాం. 5 మీటర్ల లోతులో చీకటి 8 మీటర్ల దగ్గర మొదలైంది. 10 మీటర్ల లోతులో 16 దగ్గర. మోటారు పైకి లేపి తెడ్డు వేస్తే ఎడమ వైపు పూర్తిగా తెరుచుకుంది! మా తమ్ముడు తెడ్డు వదిలేసి తెర దగ్గరికి పరుగెత్తాడు, పడవ ఒరిగిపోయింది. పిన్నులు కూడా చూశాం, బాగానే ఉన్నాయి. ఒడ్డుకు కట్టి మోటారు వేగం పెంచితే గీతలు వచ్చాయి, అంటే విద్యుత్ రొదే.

ఇప్పుడు మళ్లీ ఎలా బిగించాలో పూర్తిగా చెప్పండి, రసమట్టం గారూ. ఇంకోసారి తప్పు చేయలేం.

రసమట్టం
తాపీగా చదవండి, ఇది కొంచెం పొడవు.

పడవను నీళ్లలో మామూలుగా ఎంత బరువు ఉంటుందో అంత బరువుతో నిలపండి. మనుషులు, వలలు, బ్యాటరీ అన్నీ. ఖాళీ పడవను ఒడ్డున పెట్టి కొలిస్తే నీళ్లలోకి వెళ్లాక వంపు మారుతుంది. ఆ నిలకడలో వెనుక పలక మీద నీటి గీత ఎక్కడ ఉందో గుర్తు పెట్టుకోండి.

తరువాత పడవ అడుగున పొడవునా ఉండే పట్టీలు చూడండి. వాటి వెంబడి గాలి బుడగలు వెనక్కి వస్తాయి. ట్రాన్స్‌డ్యూసర్ ఆ పట్టీ వెనుక పడకూడదు, రెండు పట్టీల మధ్య నున్నటి చోటు ఎంచుకోండి. ప్రొపెల్లర్ నుంచి కనీసం 38 సెంటీమీటర్లు ఎడం ఉండాలి. వెనుక నుంచి చూసినప్పుడు ప్రొపెల్లర్ గడియారం ముల్లులా తిరుగుతుంటే కుడి పక్కన బిగించండి, అటు రెక్కలు కిందికి దిగుతాయి కాబట్టి బుడగలు తక్కువ. మీరు కుడి పక్కనే పెట్టారు, ఆ ఒక్కటీ సరిగ్గా ఉంది.

రంధ్రాలు నేరుగా ట్రాన్స్‌డ్యూసర్ కోసం చేయకండి. అర అంగుళం మందం ఉన్న గట్టి ప్లాస్టిక్ పలక ఒకటి తీసుకుని, దాన్ని పడవకు స్టెయిన్‌లెస్ స్టీల్ మరలతో బిగించండి. వీలైనంత వరకు ఆ మరలు నీటి గీతకు పైనే పడేలా చూసుకోండి. ట్రాన్స్‌డ్యూసర్‌ను ఆ ప్లాస్టిక్ పలకకు బిగించండి. రేపు అర అంగుళం పైకో కిందికో జరపాల్సి వస్తే కొత్త రంధ్రం ప్లాస్టిక్‌కు పడుతుంది, పడవకు పడదు. పడవ రంధ్రాల్లో పడవల కోసం చేసిన పాలీయురేథేన్ సీలెంట్ నింపండి. స్నానాల గదిలో వాడే సిలికాన్ వద్దు. ఫైబర్ లోపల చెక్క ఉంటే నీరు చేరి కుళ్లుతుంది, అది బయటికి తెలిసేసరికి పలక మొత్తం మార్చాలి.

ట్రాన్స్‌డ్యూసర్ అడుగు భాగం పడవ అడుగు కంటే కొంచెం కిందికి ఉండాలి, రెండు వైపులకూ పడవ అంచు అడ్డం రాకుండా. అన్నిటికంటే ముఖ్యం, తాపీ పనివాళ్ల రసమట్టం తెచ్చి దాని మీద అడ్డంగా పెట్టి చూడండి. బుడగ నడుమకు రావాలి. ఒక పక్కకు ఒరిగితే ఒక వైపు దగ్గర, ఇంకో వైపు దూరం చూస్తుంది, రెండూ సరిపోవు. ఇదే పేరు పెట్టుకున్నాను కాబట్టి చెప్పడం లేదు, నేను విప్పిన ప్రతి పడవలోనూ ఇదే తప్పు ఉంది.

మోడుకు తగిలితే పైకి లేచే కొక్కెం రకం పట్టీ వాడండి. మీ నీళ్లలో మోడులు ఎక్కువ.

లక్నవరం_గాలం
ఒకటి కలుపుతాను. బిగించాక కట్ట వెంబడి, కట్ట మీ కుడి చేతి వైపు ఉండేలా పడవ నడపండి. తెరలో కూడా రాళ్లు కుడి వైపే కనిపించాలి. ఎడమ వైపు కనిపిస్తే ట్రాన్స్‌డ్యూసర్ వెనక్కి తిరిగి ఉంది. మెనూలో కుడి ఎడమలు మార్చే వీలు ఉంటుంది. ఇది చూసుకోకుండా నేను ఒక సీజన్ అంతా అవతలి వైపు గాలం వేశాను.

మానేరు_పడవ
455, 800, 1200 అని మూడు రకాలు మెనూలో ఉన్నాయి. ఏది వాడాలి?

లెక్కల_మాస్టారు
అవి కిలోహెర్ట్జ్‌లు. మంచినీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. దాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగం పొడవు వస్తుంది. 455 దగ్గర 3.3 మిల్లీమీటర్లు, 1200 దగ్గర 1.25 మిల్లీమీటర్లు. తరంగం చిన్నదైతే సన్న వివరం కనిపిస్తుంది, కానీ నీళ్లు దాన్ని త్వరగా మింగేస్తాయి. దూరం వెతకడానికి 455, దొరికినదాన్ని దగ్గరగా చూడటానికి 1200. 800 నడిమిది.

ఇంకొకటి నేర్చుకోండి, నీడ. అడుగు నుంచి లేచి ఉన్నదానికి ముందు వెలుగు, దాని వెనుక నీడ పడుతుంది. గుంటకు ఇది తలకిందులు: ముందు నీడ, తరువాత వెలుగు. ఎత్తు కూడా కొలవవచ్చు. నీటి లోతును నీడ పొడవుతో గుణించి, పడవ నుంచి నీడ చివరి దాకా ఉన్న దూరంతో భాగించండి. లోతు 8, నీడ 3, నీడ చివరి దూరం 24 అయితే ఎత్తు ఒక మీటరు.

పాకాల_పుట్టి
నా చిత్రంలో అడుగు అంతా నల్లగానే ఉంటుంది, పుట్టి తిరగకపోయినా. అది కూడా బిగింపు తప్పేనా?

లెక్కల_మాస్టారు
కాదు. పాకాల కట్ట 1213 నాటిది, కాకతీయుల కాలం. శతాబ్దాల ఒండ్రు పేరుకుని ఉంటుంది. మెత్తటి బురద ధ్వనిని తాగేస్తుంది, నల్లగా కనిపిస్తుంది. రాయి, గులకనేల తెల్లగా మెరుస్తాయి. తూము దగ్గరికి వెళ్లి చూడండి, రాతికట్టు కనిపించాలి.

ఈతగాడు
చేపల సంగతి నాకు తెలియదు. నీళ్లలో మునిగినవాళ్ల కోసం పిలిస్తే వెళ్లే ఈతగాళ్లలో ఒకడిని. గేలాలు, కొక్కేలు వేసి మూడు నాలుగు రోజులు వెతికిన సందర్భాలు ఉన్నాయి. ఒడ్డున తల్లి కూర్చుని ఉంటుంది. ఒక్కసారి మాత్రం ఇలాంటి యంత్రం ఉన్న పడవ వచ్చింది, గంటన్నరలో చోటు చూపించారు. మీ సంఘాల్లో ఈ పరికరం ఉన్నవాళ్లు దగ్గరలోని పోలీసు స్టేషన్‌లో, అగ్నిమాపక కేంద్రంలో మీ ఫోను నంబర్లు ఇచ్చి ఉంచండి. దయచేసి.

మానేరు_పడవ
రేపే ఇస్తాను అన్నా.

ముంపు_ఊరు
నాకు పడవ లేదు, చేపలు పట్టను. కరీంనగర్‌లో ఉద్యోగం. మధ్య మానేరు పేరు చూసి లోపలికి వచ్చాను. మా ఊరు ఆ నీళ్ల కింద ఉంది. గోడలు నిజంగా కనిపిస్తాయా?

మానేరు_పడవ
కనిపిస్తాయి. ఇళ్ల పునాదులు, దారులు. మీది ఏ వైపు?

ముంపు_ఊరు
ఊరి పేరు ఇక్కడ రాయను. వాగు వంతెన దాటి పడమరకు వస్తే మొదటి వాడ మాది. వాడ చివర పెద్ద చేదబావి ఉండేది, దాని పక్కన చింతచెట్టు. చెట్టు కొట్టేశారు, మోడు ఉండాలి.

మానేరు_పడవ
బిగించేశాం. ప్లాస్టిక్ పలక వేసి పడవ పలకకు దగ్గరగా జరిపాం, రసమట్టం బుడగ నడుమ నిలిచింది. విడి బ్యాటరీ, విడి తీగ. మోటారు పరుగులో ఉన్నా ఒక్క గీత లేదు, ఎడమ వైపు కుడి వైపు లాగే తెరుచుకుంది. కట్ట పరీక్ష చేశాం, రాళ్లు కుడి వైపే వచ్చాయి. కొత్త ట్రాన్స్‌డ్యూసర్ కొనకుండా ఆపిన అందరికీ మా నలుగురి ఇళ్ల తరఫున కృతజ్ఞతలు.

మొదటి రోజే రెండు పాత వలలు దొరికాయి. తంగూసు దారం తెరలో కనిపించలేదు, దాని బెండ్ల వరస మాత్రం చుక్కల దండలా కనిపించింది. కొక్కెం వేసి ఒకటి పైకి లాగాం. నిండా చేప ఎముకలు.

ముంపు_ఊరు గారూ, వంతెన దాటి పడమరకు కూడా వెళ్లాం. 9 మీటర్ల లోతు. రెండు వరసల పునాదులు, నడుమ తిన్నటి దారి. చివర గుండ్రంగా ఒకటి ఉంది, ముందు నీడ, తరువాత వెలుగు. మాస్టారు చెప్పినట్టు అది గుంట. దాని పక్కన ఒక మోడు.

ముంపు_ఊరు
అదే మా బావి.

రసమట్టం
గుండ్రటి గుంట అంటే బావే. అక్కడ వల వేయకండి.

మానేరు_పడవ
వేయం. పటంలో గుర్తు పెట్టి సంఘంలో అందరికీ చూపించాం. ముంపు_ఊరు గారూ, ఆదివారం పొద్దున ఆరింటికి గాలి ఉండదు, నీళ్లు అద్దంలా ఉంటాయి. వస్తే తీసుకెళ్తాం. లైఫ్ జాకెట్లు నాలుగు ఉన్నాయి, అమ్మగారు ఉంటే ఆమెను కూడా తీసుకురండి.

ముంపు_ఊరు
అమ్మకు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తరువాత బావికి గిరక ఉందా అని అడిగింది. ఆదివారం ఇద్దరం వస్తాం.

మానేరు_పడవ
గుంటకు రెండు పక్కల రెండు సన్నటి నీడలు పడ్డాయి. నీడ 3 మీటర్లు, చివరి దూరం 18. లెక్క వేస్తే ఎత్తు మీటరున్నర. రాతి స్తంభాలు అయి ఉండాలి. గిరక ఉందో లేదో 455లో తేలలేదు. ఆదివారం 1200 పెట్టి, ఇంకా దగ్గరగా, నిదానంగా వెళ్తాను.